గేర్లు లేని స్కూటర్: ఘాట్ రోడ్డుకు క్లచ్, షాక్ అబ్జార్బర్ సర్దుకోవడం ఎలా

మన సంఘం సభ్యుల్లో అరవై దాటినవారు చాలామంది గేర్ల బండి వదిలేసి గేర్లు లేని స్కూటర్‌కు మారారు. మోకాళ్ల నొప్పులు, రద్దీ, వెనక కూర్చునే ఇంటివారి సౌకర్యం, ఇలా కారణాలు అందరికీ తెలిసినవే. చదును ఊళ్లో ఈ బండితో ఏ ఇబ్బందీ లేదు. సేలం నుంచి ఏర్కాడు ఎక్కేవారికి, నామక్కల్ వైపు కొల్లిమలకు వెళ్లేవారికి, కోరాపుట్ నుంచి సాలూరు ఘాటు దిగి ఆంధ్రాలో బంధువుల ఇళ్లకు వచ్చేవారికి మాత్రం రెండు సందేహాలు వస్తుంటాయి. ఎక్కేటప్పుడు బండి లాగడం లేదేమిటి? దిగేటప్పుడు బండి పట్టు లేకుండా జారిపోతున్నదేమిటి?

మొదటిది చిరాకు విషయం. రెండోది ప్రాణం విషయం. రెండింటికీ జవాబు ఒకే చోట ఉంది. అది బండికి ఎడమవైపు, వెనక చక్రం పక్కన ఉన్న పొడవాటి పెద్ద మూత లోపల. ఆ మూత లోపల ఏముందో, దాన్ని ఎంతవరకు మార్చుకోవచ్చో, ఎక్కడ ఆగాలో సభ్యుల కోసం ఇక్కడ వరుసగా రాస్తున్నాము. మెకానిక్ పని మీరే చేయాలని కాదు. మెకానిక్ దగ్గర నిలబడినప్పుడు ఏం అడగాలో తెలిసి ఉండాలని.

1. మూత లోపల ఉన్నవి

గేర్లు లేని స్కూటర్‌లో నిజానికి గేర్లు లేకపోలేదు. మెట్లుమెట్లుగా కాకుండా జారుడుగా మారే గేరు ఒకటి ఉంది. రెండు పుల్లీలు, వాటి మధ్య ఒక రబ్బరు బెల్టు. అదే దాని నిర్మాణం.

ముందు పుల్లీ ఇంజను ఇరుసు మీద ఉంటుంది. దీన్ని వేరియేటర్ అంటారు. దీని లోపల సాధారణంగా ఆరు చిన్న రోలర్లు ఉంటాయి. ఇంజను వేగం పెరిగేకొద్దీ ఈ రోలర్లు రాట్నంలో కూర్చున్నవారిలా బయటికి విసురుకుపోతాయి. అలా పోతూ పుల్లీ రెండు బిళ్లలను దగ్గరికి నెడతాయి. అప్పుడు బెల్టు పుల్లీ అంచు వైపు పైకెక్కుతుంది. బండి పై గేరులోకి వెళ్లినట్టు అన్నమాట.

వెనక పుల్లీలో ఒక బలమైన స్ప్రింగు ఉంటుంది. అది బిళ్లలను మూసి ఉంచుతుంది. ముందు పుల్లీలో బెల్టు పైకెక్కితే ఇక్కడ లోపలికి దిగుతుంది. ఈ పుల్లీలోనే ఏటవాలు గాళ్లు, వాటిలో జారే పిన్నులు ఉంటాయి. ఎత్తు ఎక్కేటప్పుడు చక్రం మీద బరువు పడగానే ఈ గాళ్లు బిళ్లలను మళ్లీ మూసేస్తాయి. బండి దానంతటదే కింది గేరుకు వస్తుంది.

మూడోది క్లచ్. ఇది వెనక పుల్లీకి బిగించి ఉంటుంది. మూడు క్లచ్ షూలు, వాటిని పట్టి ఉంచే చిన్న స్ప్రింగులు, చుట్టూ గిన్నె లాంటి ఇనుప బెల్. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నంతసేపూ షూలు బెల్‌ను తాకవు. అందుకే సిగ్నల్ దగ్గర బండి కదలకుండా నిలబడుతుంది. రేజ్ ఇస్తే షూలు విచ్చుకుని బెల్‌ను పట్టుకుంటాయి. చాలా స్కూటర్లలో నిమిషానికి 3,000 చుట్లకు అటూఇటూగా ఈ పట్టు మొదలవుతుంది.

ఈ పద్ధతి కొత్తది కాదు. నెదర్లాండ్స్‌లోని డాఫ్ కంపెనీ 1958లోనే బెల్టు, పుల్లీలతో నడిచే కారును చూపించింది. కెనడాలో 1959లో అమ్మకానికి వచ్చిన స్కీ-డూ మొదలు ఇప్పటి స్నోమొబైళ్ల వరకు, మంచు మీద నడిచే బళ్లు కూడా బెల్టు, క్లచ్ మీదే నడుస్తున్నాయి. మిన్నెసోటా, మిషిగన్ వైపు స్థిరపడిన మన పిల్లలు శీతాకాలంలో వాటిని చూసే ఉంటారు. అక్కడివారు కొండ ఎత్తును బట్టి క్లచ్‌లోని బరువులు మారుస్తారు. నడిపేవారి బరువును బట్టి స్ప్రింగు సర్దుతారు. మన స్కూటర్‌కూ సూత్రం అదే. మన దేశంలో 1980ల మధ్యలో కైనెటిక్ హోండాతో ఈ పద్ధతి ఇళ్లకు చేరింది. 2001లో యాక్టివా వచ్చాక వీధివీధికీ చేరింది.

2. దిగేటప్పుడు బండి ఎందుకు జారిపోతుంది

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఈ భాగం చదవండి.

గేర్ల బండి దిగుడులో రెండో గేరులో ఉంటే ఇంజను చక్రాన్ని పట్టి ఉంచుతుంది. స్కూటర్‌లో ఈ పట్టు క్లచ్ షూలు విచ్చుకుని ఉన్నంతసేపే ఉంటుంది. రేజ్ పూర్తిగా వదిలి, బ్రేకు వేసి, మలుపు దగ్గర బాగా నెమ్మదించారనుకోండి. ఇంజను వేగం పడిపోతుంది, షూలు ముడుచుకుంటాయి. ఆ క్షణం నుంచి ఇంజనుకూ చక్రానికీ సంబంధం లేదు. మలుపు దాటాక వాలులో బండి వేగం పుంజుకున్నా షూలు తిరిగి విచ్చుకోవు. ఎందుకంటే షూలు తిరిగేది ఇంజను వేగంతో, చక్రం వేగంతో కాదు. చక్రంతో పాటు తిరిగేది బయటి బెల్ మాత్రమే. అప్పుడు మీ ఇద్దరి బరువు, బండి బరువు అంతా బ్రేకుల మీదే పడుతుంది.

దీనికి మందు సులువు. మలుపు దాటి బండి నిటారుగా వచ్చాక, బ్రేకు మీద వేలు ఉంచి, ఒక్క క్షణం కొద్దిగా రేజ్ ఇచ్చి వదలండి. షూలు బెల్‌ను పట్టుకుంటాయి. ఆ తర్వాత రేజ్ వదిలినా ఇంజను కొంత వెనక్కి లాగి పట్టుకోవడం మీకే తెలుస్తుంది. మలుపు మధ్యలో, బండి వాలి ఉన్నప్పుడు ఈ పని చేయకూడదు. ఇది మొదటి గేరంత పట్టు ఇవ్వదు కాబట్టి బ్రేకుల పని తప్పదు. అయితే బ్రేకులకు కాస్త ఊపిరి దొరుకుతుంది.

పెట్రోలు ఆదా అవుతుందని ఇంజను ఆపి దిగే అలవాటు కొందరికి ఉంది. దయచేసి మానండి. ఇంజను ఆగితే ఆ కొద్ది పట్టు కూడా పోతుంది. పొరపాటున తాళంచెవి మరీ తిరిగితే హ్యాండిల్ లాక్ పడే ప్రమాదం ఉంది.

చాలా స్కూటర్లకు వెనక, కొన్నిటికి ముందు కూడా డ్రమ్ము బ్రేకులే ఉంటాయి. బ్రేకు అదేపనిగా పట్టి ఉంచితే డ్రమ్ము కాలి, పట్టు తగ్గిపోతుంది. గట్టిగా పట్టి వేగం తగ్గించి, వదిలి, మళ్లీ పట్టాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ వరకు ఉన్న కొత్త బళ్లకు సీబీఎస్ గానీ ఏబీఎస్ గానీ తప్పనిసరి. సీబీఎస్ ఉన్న స్కూటర్‌లో ఎడమ లీవరు పడితే రెండు చక్రాలకూ బ్రేకు పడుతుంది. పాత బండిలో అలా ఉండదు. అక్కడ రెండు చేతులూ వాడాలి. కాలిన వాసన వస్తే చదును చోటు చూసి పదిహేను నిమిషాలు ఆగండి. వేడి డ్రమ్ము మీద నీళ్లు పోయవద్దు.

3. ఎక్కేటప్పుడు లాగకపోతే ముందు చూడవలసినవి

"పికప్ లేదు" అనగానే కొన్నిచోట్ల రోలర్లు మార్చేద్దాం అంటారు. దానికన్నా ముందు అరుగుదల చూడాలి. అరిగిన బండిని ఎంత సర్దినా సర్దుబాటు నిలవదు.

బెల్టు: వాడేకొద్దీ బెల్టు పక్కలు అరిగి వెడల్పు తగ్గుతుంది. అప్పుడు ముందు పుల్లీలో పూర్తిగా పైకెక్కలేదు, గరిష్ఠ వేగం పడిపోతుంది. లోపలి పళ్ల దగ్గర పగుళ్లు, అంచున దారాలు లేచిపోవడం, మూత లోపల నల్లని పొడి పేరుకోవడం కనిపిస్తే మార్చడమే. చాలా కంపెనీలు 20 నుంచి 25 వేల కిలోమీటర్ల మధ్య మార్చమంటాయి. మీ బండి పుస్తకంలో ఉన్న అంకే మీకు ప్రమాణం. ఘాటు మధ్యలో బెల్టు తెగితే ఇంజను తిరుగుతుంది గానీ బండి కదలదు.

రోలర్లు: గుండ్రంగా ఉండవలసిన రోలర్లకు ఒకవైపు చదునుగా అరుగుదల వస్తుంది. అప్పుడు అవి దొర్లవు, జారవు. బండి వేగం పెరిగేటప్పుడు ఒకచోట తట్టుకుని ఆగినట్టు, కుదుపుతో ముందుకు పోయినట్టు ఉంటుంది.

క్లచ్ షూలు: బయలుదేరేటప్పుడు బండి గజగజ వణికితే షూలు గాజులా నున్నబడి ఉండవచ్చు, లేదా బెల్‌లో దుమ్ము చేరి ఉండవచ్చు. కొన్నిసార్లు శుభ్రం చేసి గరుకు కాగితంతో తేలికగా రుద్దితే సరిపోతుంది. ఆ దుమ్మును నోటితో ఊదకూడదు, ఊపిరితిత్తులకు మంచిది కాదు.

క్లచ్ స్ప్రింగులు: ఇవి బలహీనపడితే రేజ్ ఇవ్వకుండానే బండి మెల్లగా ముందుకు పాకుతుంది. ఇంజను నిదాన వేగం ఎక్కువగా పెట్టినా అంతే. ఇంటి ముందు స్టార్టు చేయగానే బండి కదులుతుంటే దాన్ని వెంటనే చూపించాలి.

వెనక పుల్లీ పిన్నులు: వీటిలో గ్రీజు ఎండిపోతే ఎత్తు రాగానే బండి కింది గేరుకు రావలసినంత త్వరగా రాదు. ఇంజను మూలుగుతుంది. సర్వీసులో ఈ పుల్లీ విప్పి గ్రీజు పెట్టమని అడిగి చేయించుకోవాలి. ఆ గ్రీజు బెల్టుకు మాత్రం అంటకూడదు.

వీటితో పాటు ఒక అలవాటు కూడా మానాలి. ఎత్తులో ఆగినప్పుడు బ్రేకు వదిలి, రేజ్‌తోనే బండిని నిలబెట్టేవారు ఉన్నారు. అలా చేస్తే షూలు బెల్‌కు రాసుకుంటూ కాలిపోతాయి. ఎత్తులో ఆగితే బ్రేకు పట్టుకునే ఆగాలి.

4. రోలర్ల బరువు మార్చడం

అరుగుదలంతా సరిచేశాక కూడా, ఇద్దరితో ఘాటు ఎక్కడం కష్టంగా ఉంటే అప్పుడు రోలర్ల సంగతి ఆలోచించవచ్చు.

సూత్రం ఇది. తేలిక రోలర్లు బయటికి పోవడానికి ఇంజను ఎక్కువ వేగంతో తిరగాలి. కాబట్టి బండి ఎక్కువసేపు కింది గేరులో ఉండి ఎత్తు బాగా లాగుతుంది. దానికి మూల్యం ఇంజను శబ్దం, తగ్గిన మైలేజీ. బరువు రోలర్లు దీనికి సరిగ్గా తిరగేసి. బండి త్వరగా పై గేరుకు పోతుంది, చదును రోడ్డులో నిశ్శబ్దంగా ఉంటుంది, ఎత్తులో మూలుగుతుంది.

మార్చేవారు పాటించవలసినవి నాలుగు. వ్యాసం, వెడల్పు పాతవాటితో సమానంగా ఉండాలి, బరువు ఒక్కటే మారాలి. ఆరూ ఒకే బరువువి వేయాలి. ఒకేసారి ఒక్కో రోలర్‌కు ఒక గ్రాముకు మించి మార్చకూడదు. తీసిన పాత రోలర్లు బాగుంటే దాచుకోవాలి. వారంటీలో ఉన్న బండికి కంపెనీ ఇచ్చిన బరువే ఉంచడం మంచిది.

వెనక పుల్లీకి గట్టి స్ప్రింగు, క్లచ్‌కు గట్టి స్ప్రింగులు వేసుకోమని చెప్పేవారూ ఉన్నారు. పుల్లీ స్ప్రింగు గట్టిదైతే బండి త్వరగా కింది గేరుకు వస్తుంది, కానీ బెల్టు మీద ఒత్తిడి, వేడి పెరుగుతాయి. క్లచ్ స్ప్రింగులు గట్టివైతే ఇంజను బాగా హోరెత్తాక గానీ బండి కదలదు. పందేలకు వెళ్లేవారికి అది ఉపయోగం. మనవంటివారికి ఇది నష్టమే. దిగుడులో రేజ్ వదిలినప్పుడు క్లచ్ ఇంకా ముందే వదిలేస్తుంది. పైన రెండో భాగంలో చెప్పిన ప్రమాదం పెరుగుతుంది. కాబట్టి ఘాటులో తిరిగే పెద్దలు క్లచ్ స్ప్రింగులు కంపెనీవే ఉంచుకోవాలి.

ఎత్తైన ఊళ్లలో ఇంకో సంగతి ఉంది. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడి ఇంజను శక్తి తగ్గుతుంది. లెక్క సుమారుగా వెయ్యి మీటర్లకు పదో వంతు. రెండు వేల మీటర్లు దాటిన ఊటీలో బండి నీరసంగా ఉంటే అందులో గాలి వాటా కూడా ఉంది. బండిది తప్పేమీ కాదు. రెండు రోజుల ప్రయాణం కోసం రోలర్లు మార్చడం అనవసరం. ఆ ఎత్తులోనే కాపురం ఉండేవారికి అది వేరే లెక్క.

5. షాక్ అబ్జార్బర్: వెనక కుంగితే ముందు తేలుతుంది

క్లచ్ గురించి అడిగినంతగా షాకుల గురించి ఎవరూ అడగరు. ఇద్దరితో వెళ్లే బండికి ఇది అంతే ముఖ్యం. వెనక స్ప్రింగు బాగా కుంగితే బండి ముక్కు పైకి లేస్తుంది. ముందు చక్రం మీద బరువు తగ్గి హ్యాండిల్ తేలికగా, పట్టు లేనట్టు తిరుగుతుంది. రాత్రి హెడ్‌లైటు ఎదుటివారి కళ్లలోకి కొడుతుంది. మంచు బళ్లవారు ముందున్న స్కీల మీద బరువు సరిగా ఉందా అని మొదట చూసుకునేది ఇందుకే.

కొలవడం సులువు. బండిని మెయిన్ స్టాండు మీద పెట్టి వెనక చక్రం గాలిలో ఉండగా, వెనక స్ప్రింగు పొడవు టేపుతో కొలవండి. తర్వాత స్టాండు తీసి, మామూలుగా వెళ్లే ఇద్దరూ కూర్చుని, మూడో మనిషితో మళ్లీ కొలిపించండి. తేడా ఎంతో అదే కుంగుడు. షాకు మొత్తం కదలికలో మూడో వంతుకు లోపు ఉంటే మంచిది. మొత్తం కదలిక ఎంతో తెలియకపోతే స్పీడ్ బ్రేకరే పరీక్ష. నెమ్మదిగా దాటినా కింద దభీమని తగులుతుంటే కుంగుడు ఎక్కువని అర్థం.

కొన్ని మోడళ్లలో వెనక స్ప్రింగు కింద మూడు మెట్ల సర్దుబాటు ఉంటుంది. ఒంటరిగా వెళ్లేవారికి కింది మెట్టు, ఇద్దరికి మధ్యది లేదా పైది. ఈ మెట్లు స్ప్రింగును గట్టిపరుస్తాయని చాలామంది అనుకుంటారు. స్ప్రింగు గట్టిదనం మారదు. బరువు పడ్డాక బండి నిలబడే ఎత్తు మారుతుంది, అంతే. దీనికి తగిన పానాతో మెకానిక్‌కు రెండు నిమిషాల పని.

షాకు లోపలి నూనె పని చేస్తున్నదో లేదో చూడటానికి సీటు వెనకభాగాన్ని గట్టిగా నొక్కి వదలండి. ఒక్కసారి లేచి నిలబడితే బాగున్నట్టు. రెండు మూడుసార్లు ఊగితే దాని పని అయిపోయినట్టు. షాకు కడ్డీ మీద నూనె మరక కనిపించినా అంతే. ముందు ఫోర్కుకూ ఇదే పరీక్ష. బ్రేకు పట్టి ముందుకు నొక్కితే టకటక శబ్దం వస్తుంటే హ్యాండిల్ బేరింగులు కూడా చూపించాలి.

సామాను విషయం కూడా ఇందులోదే. బియ్యం బస్తా వెనక కట్టడం కన్నా ముందు కాళ్ల దగ్గర పెట్టడం బండి సమతూకానికి మేలు. అయితే ఘాటులో కాలు ఆనించే చోటు లేకుండా చేసుకోకూడదు.

6. టైర్లు

గాలి సరిగా లేకపోతే పైన చెప్పిన పనులేవీ తెలియవు. 110 సీసీ స్కూటర్లలో ముందు 22 పి.ఎస్.ఐ., వెనక ఒంటరికి 29, ఇద్దరికి 36 అన్నది తరచు కనిపించే లెక్క. మీ బండి మీద అంటించిన చీటీ చూసి దాన్నే పాటించండి. పంపు దగ్గర రెండిటికీ ఒకటే కొట్టించే అలవాటు వద్దు. టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి. టైరు పక్కన నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2321 అంటే 2021లో 23వ వారంలో తయారైనదని. గాళ్లు బాగానే ఉన్నా వయసైపోయిన రబ్బరు తడి రోడ్డు మీద జారుతుంది.

7. ఏ ఊరివారు ఏది చూసుకోవాలి

యానాం, బరంపురం వంటి తీరపు చదును ఊళ్లలో రోలర్లు కదిలించే పని లేదు. అక్కడ ఉప్పుగాలికి షాకు కడ్డీ, బ్రేకు తీగలు తుప్పు పట్టకుండా చూసుకోవాలి. వరద నీటిలో వెళ్తే మూత లోపలికి నీరు చేరి బెల్టు జారుతుంది. అలాంటప్పుడు రేజ్ పెంచకుండా ఆగి ఆరనివ్వాలి.

బళ్లారి, రాయచూరు, షోలాపూర్ వైపు దుమ్ము ఎక్కువ. కొన్ని మోడళ్లలో బెల్టు పెట్టెకు విడిగా గాలి వడపోత ఉంటుంది. దాన్ని పుస్తకంలో చెప్పినదానికన్నా ముందే శుభ్రం చేయించాలి. కోరాపుట్, రాయగడ, సేలం, నీలగిరి వైపువారు బ్రేకులు, క్లచ్ షూలు, వెనక షాకు ఈ మూడింటినీ ఏడాదికోసారి విప్పించి చూపించుకోవాలి.

8. మెకానిక్‌తో మాట, ఇంట్లో పద్దు

పరాయి భాష ఊళ్లో ఉన్న మన పెద్దలు బండి బాధ చెప్పలేక "మొత్తం చూడు బాబూ" అని వచ్చేస్తారు. బిల్లు కూడా మొత్తానికే వస్తుంది. ఇక్కడ మనకు ఒక సౌలభ్యం ఉంది. వేరియేటర్, రోలర్, బెల్టు, క్లచ్ షూ, బెల్, షాక్ అబ్జార్బర్ అన్న మాటలు తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీ మెకానిక్‌లందరికీ అవే మాటలు. వాటిని ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఏది చూడాలో చెప్పండి, తీసిన పాత భాగం చూపించమనండి.

ఇంట్లో ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. తేదీ, మీటరు అంకె, ఏం మార్చారు, మార్చకముందు మైలేజీ, మార్చాక మైలేజీ. ఒకసారి ఒకటే మార్చండి. మార్పుకు ముందూ తర్వాతా అదే ఎత్తు, అదే ఇద్దరు, అదే టైరు గాలితో నడిపి చూడండి. గాలి, షాకు, రోలర్లు మూడూ ఒకే రోజు మార్చితే ఏది మేలు చేసిందో ఎవరూ చెప్పలేరు.

ఘాటు ప్రయాణానికి ముందురోజు చూసుకోవలసిన వరుస ఇది: టైర్ల గాలి. రెండు బ్రేకుల పట్టు. ఇద్దరి బరువుకు తగ్గ వెనక షాకు మెట్టు. హెడ్‌లైటు ఎత్తు. బెల్టు మార్చి ఎన్ని కిలోమీటర్లయిందో నోటు పుస్తకంలో. స్టార్టు చేయగానే బండి పాకుతున్నదేమో. చివరగా, వెనక కూర్చునేవారికి కూడా ఒక మంచి హెల్మెట్.